గిడ్డంగియు చిత్రశాలయు

మనుష్యుడు కట్టిన కట్టడము మనుష్యునికంటె దీర్ఘాయువు గలది. కట్టించినవాడు పోవును, వాని వ్యాపారము పోవును, ఒక్కొక్కప్పుడు వాని వంశమును పోవును. గోడలు మాత్రము నిలిచియుండును. అట్లు నిలిచిన గోడల నేమి చేయవలెనను ప్రశ్న పైకి ఇంజనీరులకు మాత్రమే సంబంధించినదిగా తోచును. కూల్చుట కెంత వ్యయమగును, బాగుచేయుట కెంత వ్యయమగును అని లెక్కవేసిన తేలిపోవును గదా యని లోకు లందురు. కాని ఒకరి కష్టముచే నేర్పడిన వస్తువును మఱియొకరు వేఱొక ప్రయోజనమునకు వాడుకొనునప్పుడు, ఆ కష్టపడినవారికి వీరేమైన ఋణపడియున్నారా యను విచారణ అందులో దాగియున్నది. ఇది ధర్మవిచారణ. దీనిని ఇంజనీరులకు వదలిపెట్టి మనము ఊరకుండదగదు.

ఇటీవల దేశదేశములయందును పాత వర్తకశాలలను, గిడ్డంగులను, బ్యాంకు భవనములను చిత్రశాలలుగా మార్చుట ఆచారమైనది. పారిసు నగరమున ధాన్యము క్రయవిక్రయములు జరిగిన గుండ్రని భవనము 2021లో చిత్రశాలగా తెరవబడెను. కలకత్తాలో 1833లో కట్టబడి, మొదట బ్యాంకుగను పిమ్మట కరెన్సీ కార్యాలయముగను ఉండిన భవనమును 2020లో కళాప్రదర్శనమునకు తెరచిరి. కొచ్చిలో సుగంధద్రవ్యముల గిడ్డంగులు 2012 నుండి చిత్రములకును శిల్పములకును చోటిచ్చినవి. వీనిలో కొచ్చి మనకు సన్నిహితము. దాని పాత కోట ప్రాంతము మనవలెనే మదరాసు రాజధానిలో చేరియుండినది. కావున దానినే ముఖ్యోదాహరణముగా గైకొందుము.

ఫోర్టు కొచ్చి తీరమున ఆస్పిన్వాల్ హౌస్ అను పాత వర్తకస్థానము గలదు. జాన్ హెచ్. ఆస్పిన్వాల్ అను ఆంగ్లవర్తకుడు 1867లో స్థాపించిన వ్యాపారసంస్థకు ఇది నెలవు. కొబ్బరినూనె, మిరియాలు, కలప, నిమ్మగడ్డి నూనె, అల్లము, పసుపు, తోళ్లు, పిమ్మట కొబ్బరిపీచు, కాఫీ, తేయాకు, రబ్బరు మున్నగువానితో ఈ సంస్థ వ్యాపారము చేసెను. కార్యాలయము, నివాసగృహము, గిడ్డంగులు అన్నియు నొకే ఆవరణలో నున్నవి. (ఇంగ్లీషువారి గోడౌను శబ్దమునకు మన గిడ్డంగియే మూలమని కొందఱు నిఘంటుకర్తలు ఊహించిరి. మాటయు సరుకువలెనే ఓడ యెక్కినదన్నమాట.) కాలక్రమమున వ్యాపారమార్గములు మాఱినవి. 2012 డిసెంబరు 12వ తేదీన బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అను చిత్రకారుల పూనికచే కొచ్చి-ముజిరిస్ బియనాలె యను కళాప్రదర్శనము మొదలై, ఆస్పిన్వాల్ ఆవరణము దానికి ప్రధానస్థానమయ్యెను. పెరియారు నది వరదచే 1341లో నశించెనని చెప్పబడు ప్రాచీనపు రేవు పేరే ఈ ముజిరిస్. రెండేండ్ల కొకసారి జరుపవలెనను సంకల్పముతో పుట్టిన ఈ ప్రదర్శనమునకు దేశాంతరములనుండియు జనులు వచ్చుచున్నారు.

దీనిని గూర్చి రెండు అభిప్రాయములు లోకమున వినబడుచున్నవి. రెండింటిని పరిశీలింతము.

మొదటిది, ఇది గిడ్డంగికి కలిగిన పుణ్యమనుట. నిన్నటివఱకు లాభనష్టముల లెక్కలతో మలినమైన చోటు నేడు సౌందర్యమునకు ఆలయమయ్యెనని వీరి సంతోషము. వర్తకము నీచము, కళ ఉచ్చము అను భావము ఇందు దాగియున్నది. ఈ భావము మాకు సమ్మతము కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుడు సార్థవాహుడు. ధనమంతయు పోయి బీదవాడైన పిమ్మటను రేభిలుని గానము విని, రాత్రి పొద్దుపోయినదాక ఆ గానమునే తలపోయుచు ఇల్లు చేరును. ఆ కవి వర్తకుని హృదయమున సంగీతమునకు చోటు లేదని తలపలేదు. మన బందరు కలంకారి వస్త్రములనే చూడుడు. పదునేడవ శతాబ్దారంభమున డచ్చివారును ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వర్తకస్థానములు పెట్టుకొని, మన తీరపు అద్దకపు గుడ్డలను ఓడల కెత్తిరి. అవి నాడు గిడ్డంగిలో మూటలు. నేడు కోరమాండలు తీరపు ఆ వస్త్రములే లండను నగరపు విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున అద్దాల బీరువాలలో కళాఖండములు. గుడ్డ మాఱలేదు, దానిని చూచు కన్ను మాఱినది. కళయు వర్తకమును ఒక్క దారిని నడచినవే యనుట కింతకంటె సాక్ష్యమేల?

అంతేకాదు. చిత్రశాలగా ఆ గిడ్డంగి కున్న యోగ్యత యంతయు వర్తకుడు సంపాదించిపెట్టినదే. మిరియమునకు తేమ తగిలిన బూజు పట్టును. అల్లమునకు గాలి లేకున్న కుళ్లును. బస్తాలను మోయువారు ఒకరి నొకరు తగులకుండ పోవుటకు వెడల్పైన ద్వారములు కావలెను. ఒకదానిపై నొకటి పేర్చుటకు ఎత్తైన కప్పు కావలెను. ఆ గాలిని, ఆ యెత్తును, ఆ వెడల్పునే నేడు శిల్పులు కొనియాడుచున్నారు. మిరియపు బస్తాకు చేసిన మర్యాదను శిల్పము అనుభవించుచున్నది. ఇట్టి చోట, ‘మేము వచ్చి ఈ స్థలమును పవిత్రము చేసితిమి’ అని కళ గర్వించుట కృతఘ్నత.

రెండవ అభిప్రాయము దీనికి విపరీతము. కడుపు నిండినవారి వినోదము కొఱకు ఇంత స్థలమేల? అచ్చట ఒక కర్మాగారమో, విద్యార్థి వసతిగృహమో, ఆసుపత్రియో పెట్టిన పదిమందికి ఉపకరించును గదా యని వీరి వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అన్నము లేనివానికి చిత్రపటమును చూపుట పరిహాసమే యగును. కాని రెండు సంగతులు గమనింపవలెను. కొచ్చిలో చిత్రములు వచ్చి కూలివాని పనిని తఱిమివేయలేదు. ఓడవర్తకపు రీతియే మాఱినది. సరుకు నేడు ఇనుపపెట్టెలలో వచ్చి, క్రేనులచే దింపబడి, లారీలలో నేరుగా పోవుచున్నది. 2011లో ఎదుటి దీవియైన వల్లార్పాడమున ఇట్టి పెట్టెల కొఱకే గొప్ప రేవును తెరచిరి. పని పోయిన పిమ్మట మిగిలిన ఖాళీ గోడలలోనికే చిత్రములు వచ్చినవి. ఇక రెండవది. బీదవానికి అన్నమే చాలును, సౌందర్యము మనకు గావలెననుట దయవలె కనబడు అహంకారము. మన పల్లెలలో కూలిచేసి పొట్టపోసికొను నిల్లాలు సంక్రాంతినాడు వాకిట ముగ్గు పెట్టక మానదు. ఆమెకు లేనిది సౌందర్యదృష్టి కాదు, తీరిక.

కాబట్టి గిడ్డంగిని చిత్రశాల చేయుట పుణ్యమా, వృథావ్యయమా యను తగవులో మేము ఏ పక్షమునను చేరము. మాకు తోచిన ప్రశ్న వేఱు. ఆ గోడలను నిలువబెట్టినవారి పేరు అచ్చట నున్నదా? వారికి అచ్చట ద్వారము తెరచియున్నదా?

భవనమునకు ఆస్పిన్వాల్ పేరు నిలిచినది. అతడు మూలధనము పెట్టెను, తెలివిని వినియోగించెను. పేరు నిలుచుట న్యాయమే. కాని అతడొక్కడే మిరియమును మోసెనా? మట్టాంచేరి గిడ్డంగులలో అల్లమును ఆరబెట్టి, చెరిగి, ఏరి శుభ్రపఱచినవారు ఎక్కువగా స్త్రీలు. ఓడ యొద్దకు బస్తాలను వీపున మోసినవారు వేలకొలది కూలీలు. వీరిలో ఒక్కరి పేరును గోడమీద లేదు. కలంకారి వస్త్రముల సంగతియు నిట్టిదే. కొన్న కంపెనీ పేరు తెలియును. దాచిన మ్యూజియము పేరు తెలియును. కలము పట్టి వ్రాసినవాని పేరు సాధారణముగా తెలియదు. గిడ్డంగి మాఱి చిత్రశాల యైనను, పేర్ల పట్టికలోని ఈ అన్యాయము మాత్రము మాఱుట లేదు.

కొచ్చి రేవున ఇరువదవ శతాబ్ది నడిమివఱకు ‘చాప్ప’ యను నొక పద్ధతి యుండెను. తెల్లవాఱగనే కూలీలు గుంపుగూడుదురు. పని యిచ్చు గుత్తదారుని మనిషి కొన్ని లోహపు బిళ్ళలను ఆ గుంపులోనికి విసరును. వానికొఱకు ఒకరిపై నొకరు పడి, త్రోసికొని, కొట్టుకొని, బిళ్ళ దొరకినవాడు ఆనాడు పనిలోనికి పోవును. దొరకనివాడు వట్టిచేతులతో నిల్లు చేరును. కోళ్ళకు గింజలు చల్లినట్లు మనుష్యులకు పనిని చల్లుట! 1953 సెప్టెంబరులో మట్టాంచేరిలో ఈ పద్ధతిని ఎదిరించిన రేవు కార్మికులపై పోలీసులు తుపాకులు కాల్చగా ప్రాణములు పోయినవి. ఈ బిళ్ళలను ఆస్పిన్వాల్ ద్వారముకడనే విసరిరని మేము చెప్పుట లేదు. ఇది రేవు నంతటిని ఏలిన పద్ధతి. ఆ రేవులో నిలిచియున్న యే గిడ్డంగికిని ఈ చరిత్ర పరాయిది కాదు.

నాడు లోనికి పోవుటకు బిళ్ళ కావలెను. నేడు లోనికి పోవుటకు టిక్కెట్టు కావలెను. ఈ రెంటికిని నడుమ ఎంత దూరమున్నదో కొలిచినప్పుడే ఈ మార్పు విలువ మనకు తెలియును. టిక్కెట్టు తప్పని మేమనము. దీపములకును, కావలివారి జీతములకును, కప్పు మరమ్మతునకును ధనము కావలెను గదా. కాని టిక్కెట్టు వెల చెల్లింపగల్గినను లోనికి పోవుటకు సంకోచించువా డొకడు ద్వారము వెలుపల నుండును. వాని తాత ఆ ద్వారముననే బస్తా మోసెను. లోన మాటలాడు భాష తనది కాదని, తన దుస్తులు ఆ చోటికి తగవని వాడు తలంచును. దేవాలయద్వారములను అందఱికి తెరపించుటకు మన పెద్ద లెంత శ్రమపడిరో మీకు తెలియును. ఆ కేరళమునందే తిరువాన్కూరు సంస్థానమున 1936లో ఆలయప్రవేశశాసనము వెలువడెను. శాసనముతో తెరవబడిన తలుపును సంకోచము మరల మూయగలదు. కళాలయమునకు ఇట్టి అంటు పట్టకుండ చూచుకొనుట ఆలయమునకు చూచుకొనుటకంటె తక్కువ పని కాదు. ఈ ప్రదర్శనమును ప్రజల బియనాలె యని పిలుచుచున్నారు. ఆ పేరు పెట్టుకొనినవారికి ఈ బాధ్యత మఱింత యున్నది. 2014 నుండి కళాశాలల విద్యార్థుల రచనలకు ప్రత్యేకప్రదర్శన మేర్పఱచుట, ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు, ఆ దిశగా వేసిన మంచి అడుగని తోచుచున్నది.

ఇక చరిత్రను దాచక చూపుట యెట్లు? పేర్లు దొరకని కూలీల కందఱికి శిలాశాసనములు వేయింపలేము గదా యని కొంద ఱడుగవచ్చును. కళయే దారి చూపగలదనుటకు నిదర్శనములు గలవు. 2012 నాటి ప్రదర్శనమునకు వివాన్ సుందరం, ప్రాచీన ముజిరిస్ స్థానమని పలువురు తలంచు పట్టణం అను గ్రామపు తవ్వకములలో దొరకి, పండితులు పక్కనబెట్టిన కుండపెంకులను వేలకొలది తెచ్చి, వానితో నొక నగరమును పఱచెను. మిరియపు గింజలును అందు పాలుగొన్నవి. పనికిరాదని పారవేసిన పెంకు మీదనే కుమ్మరి వ్రేళ్ళగుర్తు నిలుచును. రాజుల బంగారునాణెముకంటె ఆ పెంకే రేవు చరిత్రను సత్యముగా చెప్పునని మా నమ్మకము.

అంతకంటె గంభీరమైనది 2016లో చిలీ దేశపు కవి రావుల్ సురీతా చేసిన రచన. ఆస్పిన్వాల్ ఆవరణమున నొక గిడ్డంగి నేలను అతడు సముద్రజలముతో నింపెను. చూడవచ్చినవారు ఆ నీటిలో నడచి పోయి గోడలమీది కవితను చదువవలెను. 2015లో మధ్యధరాసముద్రమున మునిగిపోయిన యొక సిరియా బాలునికి ఆ రచన అంకితము. ఆ బాలుని తమ్ముని మృతదేహపు ఛాయాచిత్రమును లోకమంతయు చూచి కంటతడి పెట్టెను; అన్నను మాత్రము లోకము తలపలేదు. నీటిచుక్క లోనికి రాకుండుటకై యే గిడ్డంగి కట్టబడెనో, ఆ గిడ్డంగిలోనికి కవి సముద్రమునే తెచ్చెను. మిరియమును తడియకుండ కాపాడుటకు ఇంత దళసరి గోడ కట్టిన మనుష్యుడు, బిడ్డను మునుగకుండ కాపాడుటకు ఏమి కట్టెనని యాతడు మనల నడుగుచున్నట్లు మాకు తోచినది. పాత గిడ్డంగి గాక క్రొత్తగా కట్టిన పాలరాతి మందిరమున నైనచో ఈ ప్రశ్న కింత బలము రాదు. గోడల పూర్వవృత్తియే కవితకు సగము అర్థము నిచ్చినది.

పారిసు భవనము మఱియొక పాఠము చెప్పును. పదునెనిమిదవ శతాబ్దమున ధాన్యపు మండిగా కట్టబడి, 1889లో సరుకుల బేరములకు నెలవుగా మార్పబడినప్పుడు, దాని గోపురపు క్రింద చుట్టును ఖండాంతరవర్తకమును కీర్తించు గొప్ప చిత్రములు వ్రాసిరి. ఆ చిత్రములలో వలసరాజ్యపు గర్వము స్పష్టముగా కనబడును. జపాను శిల్పి తడావో ఆండో ఆ భవనమును చిత్రశాలగా మార్చునప్పుడు లోపల నొక వర్తులమైన కాంక్రీటు గోడను లేపెను గాని, పై చిత్రములను కప్పలేదు. వానిని శుభ్రపఱచి నిలిపిరి. నేటి చిత్రమును చూడవచ్చినవాడు తలయెత్తిన నిన్నటి గర్వమును చూచును. సిగ్గుపడదగిన దానిని సున్నము కొట్టి మాయజేయుటకంటె ఇది మేలు. కలకత్తా భవనమున నట్లు కాలేదు. 1990ల దశాబ్దమున దానిని కూల్చుట మొదలిడి, నడిమిభాగపు కప్పు పోయిన పిమ్మట ఆపిరి. నేడు ఆ చోట ఆకాశము కనబడును. మిగిలినదానిని శ్రద్ధతో బాగుచేసిరి. పోయినది మాత్రము పోయినదే.

ఋణము గతించినవారికి మాత్రమే యనుకొనరాదు. చిత్రమును గోడకు తగిలించువారు, వడ్రంగులు, తీగెలు లాగువారు, నేల తుడుచువారు నేడును గలరు. 2022లో కొచ్చి ప్రదర్శనము ముందు చెప్పినట్లు డిసెంబరు 12వ తేదీన పూర్తిగా తెరవబడక 23వ తేదీకి వాయిదాపడెను. అప్పుడు పలువురు కళాకారులు బహిరంగలేఖ వ్రాసి, ఏర్పాట్లలోని ఆలస్యమును, ప్రదర్శనస్థలములలోనికి వాననీరు దిగుటను చెప్పుకొనిరి. మిరియమునకు దొరకిన పొడినేల కళాకారునికి దొరకకుండుట విచారకరము. ఇది ఎవరినో నిందించుటకు చెప్పుట లేదు. గొప్ప యాశయము పెట్టుకొన్న చోటనే పనివారి కష్టము సులభముగా మఱుగుపడును. ఆశయము పేరు చెప్పి కూలి ఆలస్యము చేయుటకంటె, లాభము పేరు చెప్పి సకాలమున కూలి యిచ్చుటయే ధర్మము.

చదువరులారా, ఈ విచారణ కొచ్చితో ముగియదు. కాకినాడయందును, మచిలీపట్టణమునందును, మన ప్రతి పాత అంగడివీధియందును పెంకులు జారిన గిడ్డంగులు, మూతపడిన మండీలు మీకు కనబడును. నేడో రేపో వానిని గూర్చి మీ పురపాలకసంఘములు విచారించును. అప్పుడు పుస్తకశాల గావలెననియో, చిత్రశాల గావలెననియో మీరు కోరుట మాకెంతయు ప్రియము. కాని దానితోకూడ మూడు సంగతులు కోరుడు. ఆ చోట పూర్వము ఏ పని జరిగెనో, ఎవరు చేసిరో తెలుగులో, చదువ నేర్చిన పిల్లవాడు చదివి తెలిసికొనునట్లు, వాకిటనే వ్రాయింపవలెను. బస్తాలు రాచుకొని అరిగిన గడపను, తూకపుకొక్కెమును, గోడమీది లెక్కగీతలను సున్నముతో కప్పివేయరాదు. ఆ వీధిలో కాపురమున్న కూలివారి పిల్లలు రుసుము లేకయు, సంకోచము లేకయు లోనికి వచ్చునట్టి దినము వారమున కొక్కటియైన నుండవలెను.

ఇవి గొప్ప వ్యయమునకు లోనైన కోరికలు కావు. చిత్రశాల కట్టుటకు కోట్లు కావలయునేమో; గిడ్డంగిని మఱవకుండుటకు బుద్ధి యొక్కటి చాలును. మీ యింటి పిల్లలను అట్టి చోటికి తీసికొనిపోయినప్పుడు గోడమీది చిత్రమును చూపుడు. చిత్రకారుని పేరు చెప్పుడు. పిమ్మట గోడను చూపి, ‘దీనిని మోసినవారెవరు?’ అని యడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల చిత్రశాలయే కళకు తగిన యిల్లు. చెప్పలేనిది, లోన నెన్ని చిత్రములున్నను, సరుకు మాఱిన గిడ్డంగియే.